పగిలిన ఫోను - మరమ్మతు హక్కు

కృషి భవన్‌లో కమిటీలకు కొదవలేదు; వాటి నివేదికలకూ కొదవలేదు. అయితే వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమించిన ఒక కమిటీ 2025 మే నెలలో సమర్పించిన నివేదిక అటకెక్కించదగినది కాదు. స్మార్ట్‌ఫోనును ఎంత సులభంగా బాగుచేసుకోవచ్చునో తెలిపే 'మరమ్మతు సూచిక'ను తయారీదారులు ప్రకటించాలని అది సిఫారసు చేసింది.

రాజధానివాసికి ఇది స్వల్ప విషయంగా తోచవచ్చు. సూరత్‌లోని బమ్రోలి, పాండేసరా, ఉధ్నా ప్రాంతాలలో మరమగ్గాలపై, తెలంగాణ నేతన్నల మాటలో సాంచాలపై, బతికే కార్మికుడికి మాత్రం కాదు. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండల నుంచి వలసపోయిన ఈ కుటుంబాలకు ఫోను విలాసవస్తువు కాదు. ఊరికి సొమ్ము పంపేది దానితోనే. తల్లిదండ్రుల ముఖం చూసేది దానిలోనే. అది సిమెంటు నేలపై పడి, అద్దం పగిలి, చట్రం వంగితే కుటుంబ వ్యవహారమంతా స్తంభిస్తుంది. బాగుచేయించే ఖర్చు పాత ఫోను విలువను మించితే మిగిలేవి రెండే మార్గాలు: అప్పుచేసి కొత్తది కొనడం, లేదా ఇంట్లోనే విప్పి బాగుచేసుకోవడం.

ఇంటి మరమ్మతు అసాధ్యమేమీ కాదు. తెర, బ్యాటరీ మార్చడానికి చిన్న స్క్రూడ్రైవర్లు, జిగురును మెత్తబరచేందుకు కొద్దిపాటి వేడి, పలుచని ప్లాస్టిక్ బద్ద, వీటన్నిటికంటె మించి ఓర్పు కావాలి. తెగిన పోగును క్షణంలో అతికే చేతులకు ఆ నేర్పు అలవడకపోదు. అయితే ప్రమాదమూ లేకపోలేదు. ఉబ్బిన లిథియం బ్యాటరీని పొడిచినా, వంచినా మంటలు లేవవచ్చు. దానికి ఛార్జింగు పెట్టరాదు. నీటిలో తడిసి మదర్‌బోర్డు తుప్పుపట్టిన ఫోను ఇంటి పనిముట్లకు లొంగదు.

ఏది చేయదగినదో, ఏది చేయరానిదో చెప్పవలసినవాడు తయారీదారు. కంపెనీలు భద్రత పేరిట మౌనం వహిస్తున్నాయి. పైగా కొన్ని కంపెనీలు విడిభాగాన్ని సాఫ్ట్‌వేర్‌తో ఫోనుకు ముడివేస్తున్నందున, అసలైన భాగం అమర్చినా అన్ని సౌకర్యాలూ పనిచేయకపోవచ్చు. భద్రత ముఖ్యమే, సందేహం లేదు. కాని, గోప్యత ప్రమాదాన్ని తొలగించదు. నకిలీ బ్యాటరీకి, అరకొర జ్ఞానానికి బజారులో గిరాకీ పెంచుతుంది.

ఈ పోకడ కొత్తది కాదు. కార్ల విడిభాగాలను స్వతంత్ర మెకానిక్కులకు అందనీయనందుకు 14 కంపెనీలపై కాంపిటీషన్ కమిషన్ 2014లో జరిమానా విధించింది. 2022 జూలైలో కేంద్రం మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, ఆ డిసెంబరులోనే పోర్టల్ ప్రారంభించింది. కాని, సమాచారం వేరు, హక్కు వేరు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, ఒక నమూనాను విపణిలోకి పంపడం మానివేశాక కూడా కనీసం 7 సంవత్సరాలు కీలక విడిభాగాలు లభ్యం కావాలి. ఇక్కడి కొనుగోలుదారు అంతకంటె తక్కువకు ఎందుకు తృప్తిపడాలి?

సూచిక మంచి ఆరంభమే. అయితే ఫోను పెట్టెపై అంకె వేసినంత మాత్రాన పగిలిన అద్దం అతకదు. విడిభాగాల ధరలు ముందే ప్రకటించాలి. మరమ్మతు విధానం, హెచ్చరికలతో సహా, తెలుగు, గుజరాతీ, ఒడియా వంటి భాషలలో ఉచితంగా లభించాలి. వీటికి చట్టబలం ఉండాలి. బమ్రోలి కార్మికుడు ప్రభుత్వంవారి పోర్టల్ తెరవాలన్నా, ముందు అతని ఫోను పనిచేయాలి గదా!