ఆటల పీరియడ్‌ను వదలొద్దు

పిల్లల లావుకు బందరు లడ్డూను తిట్టడం అన్యాయం. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ మిఠాయి పండక్కో పెళ్లికో ఇంటికొచ్చేది. తిన్న పిల్లలు పొద్దుగూకేదాకా కాలవ గట్టున పరిగెత్తేవారు. ఇప్పుడు రోజూ చిప్స్ పొట్లం, కూల్‌డ్రింకు, గుమ్మం దగ్గర ఎక్కించుకునే ఆటో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల లెక్కన దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. ప్రభుత్వ బడిలో గుడ్డు, రాగిజావ ఇస్తున్నారు. ఫీజు కట్టి చదివించే మనం డబ్బాలో నూడుల్స్ పెడుతున్నాం. దివిసీమలో చేపలకు, తోటకూరకు, జామకాయలకు కరవొచ్చిందా? నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఆటల పీరియడ్ సంగతి. 5-17 ఏళ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గుడివాడలోనైనా అవనిగడ్డలోనైనా, పదో తరగతి రాగానే ఆ పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేస్తే మనం ఊరుకోవడమే కాదు, సంతోషిస్తున్నాం. ఆపైన పిల్లాడి ఒంటిని చూసి బంధువులు ఎగతాళి చేస్తారు. అది ముందు మానాలి. మార్కులు తగ్గితే బడికెళ్లి నిలదీసే తల్లిదండ్రులు, మైదానం ఏదీ, ఆటల మాస్టారు ఎక్కడని కూడా ఈ ఏడే అడగాలి.