ఇడుపులపాయ టు అమెరికా.. మ్యాప్‌లో గీత గీస్తే 2,100 కి.మీ. తేడా! విమాన దూరం అసలు లెక్క ఇదీ

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది. ఇక్కడ చదివేది ఎక్కువగా పల్లెటూరి పిల్లలే. వాళ్లలో ఎవరైనా అమెరికా బయల్దేరుతుంటే ఇంట్లో మొదట వచ్చే డౌట్ టికెట్ గురించే. నాన్‌స్టాప్ తీసుకోవాలా? దుబాయ్ మీదుగా వెళ్లాలా? ఏది ఎంత దూరం?

కడప ఎయిర్‌పోర్టు 2015 జూన్‌లో ప్రారంభమైనా అక్కడి నుంచి నడిచేవి దేశీయ సర్వీసులే. అందుకే లెక్క బెంగళూరు నుంచి మొదలుపెడదాం. గమ్యం శాన్‌ఫ్రాన్సిస్కో.

గోడ మ్యాప్‌తో వచ్చే చిక్కు

స్కూల్లో చూసే మ్యాప్ మీద ఈ రెండు ఊళ్ల మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే, ఆ దారి సుమారు 16,100 కి.మీ. అవుతుంది. కానీ భూమి గుండ్రంగా ఉంది కదా! గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే అది పసిఫిక్ మీదుగా కాకుండా పైకి, ఆర్కిటిక్ వైపు వంగుతుంది. అదే అసలైన దగ్గర దారి.

లెక్క కూడా సులువే. భూమి చుట్టుకొలత సుమారు 40 వేల కి.మీ. దాన్ని 360 డిగ్రీలకు పంచితే డిగ్రీకి 111 కి.మీ. వస్తుంది. ఈ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య కోణం దాదాపు 126 డిగ్రీలు. అంటే దూరం దాదాపు 13,990 కి.మీ. మ్యాప్ గీతతో పోలిస్తే 2,100 కి.మీ. తక్కువ!

2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నేతృత్వంలో మహిళా పైలట్లు ఎయిరిండియా విమానాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు తెచ్చింది అందుకే.

దుబాయ్ మీదుగా అయితే?

బెంగళూరు-దుబాయ్ సుమారు 2,700 కి.మీ., అక్కడి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 13,000 కి.మీ. మొత్తం 15,700. నేరుగా వెళ్లే దారి కంటే 1,700 కి.మీ. ఎక్కువ. అంటే గాల్లో రెండు గంటలు అదనం. దుబాయ్‌లో వెయిటింగ్ వేరే.

లెక్క తప్పేది ఎక్కడ?

ఇదంతా ఆకాశం తెరిచి ఉంటేనే. 2022లో రష్యా తన గగనతలాన్ని అమెరికా విమానాలకు మూసేసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ మన విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి పశ్చిమానికి వెళ్లే సర్వీసులు చుట్టూ తిరగాల్సి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఎయిరిండియా ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసును ఆపేసింది. అందుకు చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. రెండు ఊళ్ల మధ్య దూరం మారలేదు, విమానం తిరిగే దూరం మారింది. ఎదురుగాలి తగిలితే టైమ్ ఇంకా పెరుగుతుంది.

అందుకే టికెట్ కొనేటప్పుడు కిలోమీటర్లు కాదు, ఇంటి గడప నుంచి దిగే ఊరి దాకా పట్టే మొత్తం గంటలు చూడాలి. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండేలా చూసుకోవడం ఇంకా ముఖ్యం. మొదటిది చుట్టూ తిరిగి లేటైతే, విడిగా కొన్న రెండో టికెట్ డబ్బులు పోయినట్టే. అప్పు చేసి పిల్లల్ని పంపే ఇంటికి అది చిన్న దెబ్బ కాదు.