తుపాకీ కొనాలనుకునే రైతన్నలకు

రైతు సోదరులారా, బోర్ల దగ్గర కేబుల్ వైర్లు పోతున్నాయి, పొలంలో ఒంటరి ఇల్లు, ఒక తుపాకీ ఉంటే ధైర్యం అని చాలామంది అంటున్నారు. దారి లేకపోలేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం రక్షణకు 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకీకి, పంట కాపలాకైతే మందు కూరే తుపాకీకి లైసెన్స్ అడగొచ్చు. దరఖాస్తు కలెక్టర్ గారికి, కమిషనరేట్ ఉన్నచోట కమిషనర్ గారికి.

మొదటిసారి కొనేవాళ్లకు 12 బోరు చాలు, పిస్టల్ జోలికి పోకండి. నాటు తుపాకీ అసలే వద్దు. అది మన చేతిలోనే పేలొచ్చు, దొరికితే 2 నుంచి 5 ఏళ్ల జైలు.

అసలు సంగతి వినండి. వైరు కోసుకుని పారిపోయేవాణ్ణి కాల్చి చంపితే చట్టం మన పక్కన ఉండదు. రాత్రిపూట ఇంటికి కన్నం వేస్తే, ప్రాణం మీదికొస్తే అది వేరే లెక్క. చీకట్లో ఆ తేడా అరక్షణంలో తేల్చుకోగలరా? పైగా ఎలక్షన్లు వస్తే తుపాకీ స్టేషన్లో అప్పజెప్పమంటారు, ఆ నెల కాపలా ఎవరు మరి?

ఇంట్లో పిల్లలుండి తాళమేసే ఇనప బీరువా లేకపోతే ఆ ఆలోచనే మానుకోండి. ముందు ఒక సోలార్ లైటు, రెండు కుక్కలు, పక్క పొలం వాళ్ల ఫోన్ నంబరు పెట్టుకోండి. అప్పటికీ కావాలనిపిస్తే దరఖాస్తు పెట్టండి.