ఆకురాయి పట్టిన గంటకు కూలి ఎవరిస్తారు?

జామాయిల్ తోటలో కోతకు వెళ్లినవాడి తొడ చీలినా, సరుగుడు నరుకుతుండగా ముంజేయి తెగినా ఊళ్లో వినిపించే మాట ఒకటే: "అజాగ్రత్తగా పట్టుకున్నాడు." ఆస్పత్రి మంచం దగ్గర చుట్టాలూ అదే అంటారు, గుత్తదారూ అదే అంటాడు. చివరికి దెబ్బ తిన్నవాడు కూడా తల దించుకుని ఒప్పుకుంటాడు. దీనికి జంటగా ఇంకో మాట ఉంది: "చేయి తిరిగినవాడికి ఏమీ కాదు." ఈ రెండు మాటలూ తప్పు. ప్రమాదాలు ఆగకుండా కాపు కాస్తున్నవి కూడా ఇవే. రంపం మిషన్ పట్టినవాడి క్షేమం చాలావరకు తాడు లాగి స్టార్ట్ చేయకముందే తేలిపోతుంది. చైనుకు పదునుందా, బిగువు సరిగ్గా ఉందా, బ్రేకు పడుతోందా, కాళ్లకు రక్షణ ఉందా అన్నవే దాన్ని తేలుస్తాయి. వీటికి సమయం కావాలి, డబ్బు కావాలి. టన్నుకు ఇంతని కోత రేటు కట్టేవాళ్లు ఆ సమయానికీ ఆ డబ్బుకూ పైసా లెక్క వేయడం లేదు.

ముందు అనుభవం సంగతి. పెద్ద మిషన్ల మీద చైను సెకనుకు 20 మీటర్లకు పైగా పరుగెడుతుంది. అంటే గంటకు 72 కిలోమీటర్లకు పైనే. చైను తిరిగే బారు కొన పైభాగం పక్క కొమ్మకో, దుంగ అవతలున్న మోడుకో తగిలిందంటే పళ్లు అక్కడ చిక్కుకుంటాయి. ఇంజను బలమంతా బారును పైకీ వెనక్కీ విసురుతుంది. అది వచ్చేది కోసేవాడి ముఖం, మెడ, భుజం మీదికే. ఇదంతా సెకనులో పదో వంతులో అయిపోతుంది. ఊహించని దెబ్బకు మనిషి చేయి కదలాలంటే అంతకు రెట్టింపు సమయమైనా పడుతుంది. ఇరవై ఏళ్లు మిషన్ పట్టినా ఈ లెక్క మారదు. కొన ఎటుందో కనిపెట్టి ఉండటం, ఎడమ బొటనవేలిని ముందు పిడి కిందుగా చుట్టి పట్టడం, భుజం ఎత్తు దాటి కోయకపోవడం: అనుభవం నేర్పగలిగేవి ఇవి. అవి విలువైనవే. కానీ కొన తగిలాక కాపాడగలిగేది చైను బ్రేకు. 1970ల మొదట్లోనే స్టిల్, హస్క్‌వర్నా లాంటి కంపెనీలు దాన్ని మిషన్లకు అమర్చాయి. ముందు పిడి ఎదుట ఉండే కవచానికి చేయి తగిలినా, కుదుపుకు అది దానంతటదే ముందుకు పడినా చైను ఆగిపోవాలి. లోపల పొట్టూ జిడ్డూ పేరుకుపోయి పట్టీ అరిగిపోతే ఆగదు. కవచం విరిగితే కొత్తది వేయించకుండా అలాగే నడుపుతున్న మిషన్లు మన తోటల్లో ఎన్నో చూశాను. ఆ మిషన్ పట్టినవాడి చేయి ఎంత తిరిగినదైనా అతనికి చివరి అడ్డు లేనట్టే.

"మా తాతలు ఉత్త కాళ్లతో ఇంతింత మానులు పడగొట్టలేదా?" అంటారు. పడగొట్టారు, చేతిరంపంతో. చేయి ఆగితే అది ఆగేది. ఈ మిషన్ చేయి ఆగినా ఆగదు. తాతల ధైర్యాన్ని తెచ్చి దీని పక్కన పెట్టడం ఆ తాతలకూ న్యాయం కాదు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది పదును గురించిన అపోహ. పదునైన చైనంటే భయపడి, కాస్త మొద్దుబారినది మేలనుకునేవాళ్లు ఉన్నారు. నిజం దానికి పూర్తిగా తలకిందులు. పదునున్న చైను చెక్కను తనే లోపలికి లాక్కుంటుంది, మనిషి మిషన్‌ను నడిపిస్తే చాలు. మొద్దు చైను కోయదు, రాపాడుతుంది. అప్పుడు మనిషి దాని మీద బరువు మోపి నొక్కుతాడు. కోత ముగిసిన క్షణాన ఆ బరువంతా ఒక్కసారిగా కిందికి జారుతుంది. అక్కడ ఎదురుగా ఉండేది ఎడమ కాలు. పైగా రాపిడికి చైను వేడెక్కి సాగుతుంది, వదులై గాడి తప్పుతుంది. అదురు పెరుగుతుంది, మనిషి త్వరగా అలిసిపోతాడు. చైను మొద్దుబారిందో లేదో కనిపెట్టడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. కోతలోంచి పడేది చూస్తే చాలు. చిన్న చిన్న పెళ్లలు పడుతుంటే పదునుంది. మెత్తటి పిండి రాలుతుంటే ఆపేయాలి.

ఈ చైను పన్ను ఎంత సున్నితమైనదో దాని పుట్టుకే చెబుతుంది. 1946లో అమెరికాలోని ఒరెగాన్‌లో జోసెఫ్ కాక్స్ అనే కోతగాడు చెక్కను తొలిచే పురుగును చూశాడు. దాని దవడలు ఎదురుగా గీకకుండా ఇటొకసారి అటొకసారి కోస్తూ పోవడం గమనించి, కుడి ఎడమలుగా వంగిన పళ్ల చైనును తయారుచేశాడు. నేటి చైన్లన్నీ దాని సంతతే. ఆ వంపును నిలబెట్టడానికి గుండ్రటి ఆకురాయి కావాలి, అదీ చైనుకు తగిన సైజుది. 0.325 అంగుళాల పిచ్ చైనుకు 4.8 మిల్లీమీటర్లది, మామూలు 3/8 అంగుళాల పిచ్ చైనుకు 5.2 లేదా 5.5 మిల్లీమీటర్లది. కోణం దాదాపు 30 డిగ్రీలు. అన్ని పళ్లూ ఒకే పొడవు ఉండాలి, లేకపోతే కోత ఒక పక్కకు లాగుతుంది. ప్రతి పన్ను ముందూ ఒక బొడిపె ఉంటుంది. పన్ను ఎంత లోతు కోయాలో నిర్ణయించేది అదే. దాని ఎత్తు పన్ను అంచుకంటే సుమారు 0.65 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి, ఆరేడు కాగితాల మందమంత. మిషన్ కోయడం లేదని విసుగొచ్చి, గేజి పెట్టకుండా కంటి చూపుతో ఆ బొడిపెను అరగదీసేవాళ్లున్నారు. అలా చేస్తే పన్ను తాహతుకు మించి కొరుకుతుంది, బారు వెనక్కి తన్నే ప్రమాదం పెరుగుతుంది. చూసేవాళ్లకు మాత్రం ఆ మిషన్ "భలే కోస్తోంది" అనిపిస్తుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక చైనుకు ముప్పై, ముప్పై ఆరు పళ్లు. పంటికి రెండు మూడు రాపులు. అలవాటైన చేతికి పది నిమిషాల పని. ట్యాంకు నింపిన ప్రతిసారీ పదును పెట్టాలి. రోజుకు ఐదారు ట్యాంకులు కాలితే గంట గడిచిపోతుంది. బారు గాడి శుభ్రం చేసి దాన్ని తిరగేసి బిగించడం, ఆయిల్ రంధ్రం పొడవడం, ఎయిర్ ఫిల్టర్ దులపడం, లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ టీ ఆయిల్ కొలిచి కలపడం, ఇంజను కాస్త చల్లారాక నింపడం, నింపిన చోటికి మూడు మీటర్లు ఎడంగా వెళ్లి స్టార్ట్ చేయడం దీనికి అదనం. ఈ గంటన్నరలో ఒక్క దుంగ పడదు. ఒక్క కిలో తూగదు. టన్నుకింత అని కూలి కుదిరినవాడు ఆ గంటన్నరను తన పిల్లల తిండిలోంచి తీసివ్వాలి. తీసివ్వకపోతే అజాగ్రత్తపరుడని అతన్నే తిడతాం.

చైనుకు కాలిన ఇంజనాయిల్ పోసేది కూడా ఈ లెక్కతోనే. అది బారుకు అంటుకుని నిలవదు, అందులోని లోహపు పొడి గాడిని తినేస్తుంది, సన్నని తుంపరగా చేతుల మీదా ఊపిరిలోనూ పడుతుంది. క్యాన్సర్ కలిగించే పదార్థాలు దానిలో ఉంటాయి. అయినా పోస్తారు, ఎందుకంటే అది ఊరికే దొరుకుతుంది.

"మన ఎండల్లో ఆ రక్షణ ప్యాంట్లు ఎవరు వేసుకుంటారండీ?" అనే వాదనను నేను కొట్టిపారేయను. మే నెలలో ఖమ్మంలోనో, ప్రకాశంలోనో ఒంటినిండా ఆ బరువు వేసుకుంటే మనిషి వడదెబ్బకే పడిపోతాడు. కానీ కాళ్లకు ముందువైపు మాత్రమే కట్టుకునే రక్షణ పట్టాలు దొరుకుతాయి. వాటి లోపల పొడవాటి పోగులుంటాయి. చైను తగలగానే అవి బయటికి లాగబడి చక్రానికి చుట్టుకుని క్షణంలో దాన్ని ఆపేస్తాయి. అంతర్జాతీయ ప్రమాణాల్లో వీటి ఒకటో తరగతిని సెకనుకు 20 మీటర్ల వేగానికి పరీక్షిస్తారు, రెండో తరగతిని 24 మీటర్లకు. తెల్లవారుజామున మొదలుపెట్టి పది గంటలకు కోత ఆపితే ఇవి కట్టుకోవడం సాధ్యమే. గిట్టుబాటు కాక ఎండలో పన్నెండు దాకా కోయించే పద్ధతి మనం పెట్టుకున్నదే. చెవుల సంగతీ అంతే. వంద డెసిబెల్స్ చప్పుడును చెవి రోజుకు పావుగంటకు మించి భరించకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు. ఈ మిషన్ చప్పుడు దాదాపు అంత ఉంటుంది, గంటల తరబడి ఉంటుంది. చెవి మూతలు చవక, వాటికి ఎండ సాకు కూడా చెల్లదు.

తుఫాను మర్నాడు, చేయి తిరిగినవాడికి ఏమీ కాదన్న తప్పుడు నమ్మకం పరాకాష్ఠకు చేరుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకూల్చినప్పుడు దారులు తెరిచింది రంపం మిషన్లే. ఆ చేతులకు మనం రుణపడి ఉన్నాం. కానీ పడిపోయిన చెట్టు నిలబడిన చెట్టుకంటే మోసకారి. వంగి ఉన్న మానుకు ఒక వైపు నొక్కుకుపోయి ఉంటుంది, మరో వైపు సాగి ఉంటుంది. నొక్కుకున్న వైపు ముందు కొద్దిగా కోసి, తర్వాత సాగిన వైపు కోయాలి. అది తెలియక కోస్తే బారు ఇరుక్కుపోతుంది, లేదా మాను విరుచుకుని కొడుతుంది. వేళ్లతో పెకలిన చెట్టు కాండం తెగితే వేరుదిమ్మ లేచి మళ్లీ గుంతలో కూర్చుంటుంది. దాని వెనక ఎవరున్నా బతకడం కష్టం. కొబ్బరి మాను పైపొర గట్టిది, లోపల మెత్తన, నిండా పీచు. ఆ పీచు మిషన్ మూత కింద చుట్టుకుంటుంది. తీరపు ఇసుక అంటిన మానైతే చైను నిమిషాల్లో మొద్దుబారుతుంది. అక్కడ కావలసింది మార్చుకోవడానికి రెండు మూడు చైన్లు, కరెంటు తీగలో సరఫరా లేదని తేల్చి చెప్పే మనిషి, ఒక గంట ఓపిక. మనం ఇస్తున్నది చెప్పుల కాళ్లతో దుంగనెక్కి మిషన్ తలపైకెత్తిన మనిషి ఫొటోకు చప్పట్లు. ఆ చప్పట్లు చూసి రేపు పదిమంది కుర్రాళ్లు అలాగే ఎక్కుతారు.

చట్టం కూడా ఈ "అజాగ్రత్త" మాటను మనంత తేలిగ్గా నమ్మలేదు. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టమే పనిలో జరిగిన ప్రమాదానికి కార్మికుడి ఏమరుపాటును యజమాని తప్పించుకునే సాకుగా ఒప్పుకోలేదు. తాగి ఉండటం, రక్షణ సాధనాన్ని కావాలని తీసేయడం లాంటివే మినహాయింపులు. తర్వాతి సవరణలతో, మరణమో, శాశ్వత పూర్తి వైకల్యమో సంభవిస్తే ఆ మినహాయింపులు కూడా చెల్లకుండా పోయాయి. పని గుత్తకిచ్చినంత మాత్రాన అసలు యజమాని బాధ్యత పోదని అదే చట్టం 12వ సెక్షన్ చెప్పింది. నూరేళ్ల కింద రాసుకున్న ఈ న్యాయం తోట గట్టు దాకా రాలేదు.

అందుకే తోట యజమానులను, కలప కొనే మిల్లులను, చెట్లు తొలగించే టెండర్లు పిలిచే మున్సిపాలిటీలను అడుగుతున్నాను. టన్ను రేటుకు పైన రోజుకు గంటన్నర మిషన్ సంరక్షణ కూలిని విడిగా రాయండి. చైన్లు, ఆకురాళ్లు, బారు ఆయిల్, కాళ్ల పట్టాలు మీ ఖర్చులో చూపండి. కోత మొదలయ్యే ఉదయం మీ మనిషిని పంపి, ఖాళీ చైను తిప్పి బ్రేకు వేసి చూపించమని అడగండి. చైను వెంటనే ఆగకపోతే ఆ రోజుకు కోత ఆపి, ఆ రోజు కూలి ఇచ్చి, మిషన్‌ను మెకానిక్ దగ్గరికి పంపండి.