భోజనాల వేళ మారుద్దాం

దీపావళి వేడుకకు హాలు ఖాయమైంది, పిల్లల నాట్యాల రిహార్సళ్లు సాగుతున్నాయి. ఈసారి సంపాదకీయం భోజనాల కమిటీని ఉద్దేశించి రాస్తున్నాను.

మనలో షుగరు మాట వినపడని ఇల్లు అరుదు. "మా వంశంలోనే ఉంది" అని సరిపెట్టుకుంటాం. అందులో నిజం లేకపోలేదు. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో వచ్చింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా ఉన్నాం కదా అన్న ధీమా మనకు పనికిరాదని చెప్పడానికి ఆ ఒక్క ఫొటో చాలు. షుగరు పరీక్షకు అందరికీ 25గా ఉన్న బీఎంఐ గీతను అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో ఆసియా మూలాలవారికి 23కు దించింది. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి అది దాదాపు 147 పౌండ్లు. మన సభ్యుల్లో ఆ గీత దాటనివారు ఎంతమంది ఉంటారు?

అయితే వంశం రాసినదంతా జరిగి తీరాలని లేదు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 531 మందిని మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో సరిపెట్టినవారిలో నూటికి 55 మంది షుగరు రోగులయ్యారు. రోజూ అరగంట నడిచి, తిండి మార్చుకున్నవారిలో 39 మందే అయ్యారు. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారి ఫలితమూ ఇంచుమించు అంతే. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో లాభం ఇంకా పెద్దది. వారానికి 150 నిమిషాల వ్యాయామం, ఏడు శాతం బరువు తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో జబ్బు ముప్పు 58 శాతం తగ్గింది. అయినా చెన్నైలో నూటికి అలా తప్పించుకున్న ఆ పదహారు మందే నాకు ఎక్కువ గుర్తుండిపోయారు. వాళ్లు మనలా అన్నం, ఇడ్లీ తిని పెరిగినవాళ్లు.

ఇక మన సంగతి. ఆహ్వానంలో నాలుగు గంటలని ఉంటుంది, కార్యక్రమం ఐదున్నరకు మొదలవుతుంది. సన్మానాలు, ప్రసంగాలు అయ్యేసరికి రాత్రి పది. అప్పుడు బిర్యానీ, పులిహోర, బొబ్బట్టు, గులాబ్‌జామ్. ఆపైన గంటసేపు కారు ప్రయాణం, నేరుగా పడక. పొద్దుపోయాక తిన్న అన్నాన్ని శరీరం పగటిపూట అంత చురుగ్గా సర్దుకోలేదు. తిన్నాక నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరను లాగేసుకుంటాయి, ఇన్సులిన్ సరిగా పనిచేయనివారిలో కూడా. ఆ అవకాశమూ మనం ఇవ్వడం లేదు. ఇది ఏడాదికి ఒక్కరాత్రి ముచ్చటైతే ఇంత రాయను. ప్రతి శనివారం ఎవరో ఒకరి ఇంట్లో ఇదే వేళ, ఇదే వడ్డన. వద్దన్నకొద్దీ ఇంకో గరిటె పడుతుంది. అలవాటు నలుగురిలో పుడుతుంది కాబట్టి మార్పునూ ఒక్కొక్కరి పట్టుదలకే వదిలేయడం న్యాయం కాదు.

తప్పు మన వంటదని అనను. పెసరట్టు, గోంగూర పప్పు, ఉలవచారు, బీరకాయ కూర, జొన్నరొట్టె మనవే కదా! కమిటీకి నా విన్నపం ఇది: భోజనం ఆరున్నరకు పెట్టండి, ప్రసంగాలు తర్వాత వింటాం. వడ్డన వరసలో పప్పూ కూరలూ ముందుంచి, అన్నం చివర పెట్టండి. మిఠాయి చిన్న గిన్నెలో ఒక్కటే ఇవ్వండి. భోజనానికీ రెండో భాగానికీ నడుమ ఇరవై నిమిషాలు అందరం హాలు చుట్టూ నడుద్దాం.

మరొకటి, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల గురించి. అక్కడ పొద్దున్నే పాలకో, గుడికో నడిచి వెళ్లేవాళ్లు, ఇక్కడ కారు లేక, చలికి భయపడి నెలల తరబడి సోఫాకే పరిమితమవుతున్నారు. వారానికి మూడు ఉదయాలు వాళ్లను దగ్గరి మాల్‌కు తీసుకెళ్లి నడిపించడానికి కారున్న సభ్యులు కావాలి. వీలున్నవారు వేడుకనాడు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పేరు రాయించండి.