నడిమి పేరులో ఎవరుండాలి?

పుదుచ్చేరి తేంగాయితిట్టులో, చేపల రేవుకు దగ్గర్లో మా మేనకోడలి కాపురం. మాది యానాం. ఆమె భర్త పుదుచ్చేరిలోనే పుట్టి పెరిగిన తమిళ దళితుడు. ఇద్దరిదీ ఒకే కేంద్రపాలిత ప్రాంతమైనా ఊళ్ల మధ్య 800 కిలోమీటర్ల పైచిలుకు దూరం, రెండు భాషలు, పేరు పెట్టే పద్ధతులు రెండు. వాళ్లకు పాప పుట్టింది. మొదటి పేరు కుదిరింది. రెండక్షరాల చక్కటి పేరు. అది ఆ పాపది కాబట్టి ఇక్కడ రాయను. దాని పక్కన నప్పే మిడిల్ నేమ్ ఏదన్నదే ఇప్పుడు తగువు. మా అక్క ఇంటిపేరు ఉండాల్సిందే అంటుంది. అల్లుడి తరఫు వాళ్లు తండ్రి పేరు ఇనీషియల్‌గా ఉంటే చాలదా అంటున్నారు. కుర్రకారు చెవికి ఇంపుగా ఉండేదాన్ని వెతుకుతున్నారు.

చెవి సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది. మొదటిది చిన్న పేరైతే రెండోది మూడు నాలుగు అక్షరాలుండాలి, ఒకటి ముగిసిన అక్షరంతోనే రెండోది మొదలు కాకూడదు, పొడి అక్షరాలు కలిపితే బళ్లో వెక్కిరింపుకు పనికిరాకూడదు. అంతే. పేరులోని రెండో ముక్క మన దేశంలో ఎన్నడూ చెవి కోసం పుట్టలేదు. అసలు చిక్కు అక్కడుంది.

మనుస్మృతి రెండో అధ్యాయం 31, 32 శ్లోకాలు చూడండి. బ్రాహ్మణుడి పేరు శుభాన్ని, క్షత్రియుడి పేరు బలాన్ని, వైశ్యుడి పేరు ధనాన్ని సూచించాలట, శూద్రుడి పేరు మాత్రం హీనంగా ఉండాలట. అక్కడితో ఆగలేదు. పేరు రెండో భాగానికీ విడిగా నియమం పెట్టారు: సుఖం, రక్షణ, సమృద్ధి, చివరివాడికి సేవ. శర్మ, వర్మ, గుప్త, దాస అన్న తోకలకు ఆ శ్లోకమే శాస్త్రం. ఆ లెక్కలో అంటరానివాళ్లకు చోటే లేదు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ సమక్షంలో కాల్చిన పుస్తకంలో పేర్ల పంపకం కూడా ఉంది.

ఆ పంపకాన్ని మనవాళ్లు ఒక్కో చోట ఒక్కోలా ఎదిరించారు. హైదరాబాద్‌లో మాదరి భాగయ్య భాగ్యరెడ్డి అయ్యాడు, ఆర్యసమాజం ఇచ్చిన వర్మ బిరుదుతో భాగ్యరెడ్డివర్మ అయ్యాడు. కాదన్న తోకనే తీసి తగిలించుకోవడం అది. దాన్ని అనుకరణ అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. పల్లెల్లో రెడ్డి అన్న మాట ఎవరి నోట, ఎంత భయంగా పలికేదో తెలిసినవాళ్లకు అందులోని తెగింపు అర్థమవుతుంది.

ఇక పుదుచ్చేరి కథ మన విశ్వవిద్యాలయాల్లో చదవాల్సినంతగా చదవడం లేదు. 1881 సెప్టెంబర్ 21న ఫ్రెంచి ప్రభుత్వం ఒక డిక్రీ తెచ్చింది. తమ కులాచారపు పర్సనల్ లాను వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి రాదలచినవాళ్లు అధికారి ముందు ఆ మాట ప్రకటించి, తమకూ తమ సంతానానికీ ఒక వంశనామం ఎంచుకోవాలి. వీళ్లనే రెనోన్సాంట్లు, అంటే వదులుకున్నవాళ్లు, అన్నారు. వాళ్లలో అణగారిన కులాలవాళ్లు, క్రైస్తవులు ఎందరో. ఈ ఉద్యమానికి ముందు నిలిచిన లాయరు పొన్నుతంబి పిళ్లై పుట్టుకతో వెల్లాలుడు. ఐరోపా తరహా బూట్లు వేసుకుని కోర్టుకొచ్చాడని అడ్డుకుంటే పారిస్ దాకా వెళ్లి గెలిచాడు. పిళ్లై తీసేసి లాపోర్త్ అని పెట్టుకున్నాడు. ఫ్రెంచిలో ఆ మాటకు తలుపు అని అర్థం. చెంగల్పట్టులో ఆత్మగౌరవ మహాసభ కులబిరుదులు వదలాలని తీర్మానించింది 1929 ఫిబ్రవరిలో. పుదుచ్చేరి రిజిస్టర్లలో ఆ పని అంతకు నలభై ఏడు ఎనిమిదేళ్ల ముందే మొదలైంది. వలస పాలకుల దయ అనుకుని మురిసిపోనక్కర్లేదు. కొత్త పేరు రాసుకున్నంత మాత్రాన వీధి మారలేదు, బావి మారలేదు. కానీ తన పేరు తాను ఎంచుకునే హక్కు ఒక సంతకంతో మనిషి చేతికొచ్చింది.

తోక తీసేస్తే సరిపోతుంది కదా అని అభ్యుదయ మిత్రులు అంటుంటారు. తోక లేని పేరు అగ్రకులం వాడికి ఆదర్శమవుతుంది. మనకైతే తర్వాతి ప్రశ్నకు దారి అవుతుంది: ఇంటిపేరేంటి? ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు? హాస్టల్ గదిలోనూ వైవా బల్ల ముందూ ఈ మూడూ వరుసగా విన్నవాళ్లు ఇది చదివేవాళ్లలో చాలామందే ఉంటారు. అందుకని నడిమి పేరును ఖాళీగా వదలాలని నేను చెప్పలేను.

మరి భీమ్ అనో అంబేద్కర్ అనో పెడితే? పెట్టుకున్నవాళ్లంటే నాకు గౌరవం. అయితే ఆ పేరుమీద కూడా ఇతరుల చెయ్యి ఎలా పడుతుందో 2018 మార్చిలో చూశాం. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం రికార్డులన్నింటిలో డాక్టర్ భీమ్‌రావ్ రామ్‌జీ అంబేద్కర్ అని రాయాలని ఆదేశించింది. రాజ్యాంగ ప్రతిపై ఆయన సంతకాన్ని ఆధారంగా చూపింది. రామ్‌జీ ఆయన తండ్రి పేరే, మరాఠీ పద్ధతిలో నడిమి పేరే. సుబేదార్ రామ్‌జీ సక్పాల్ కొడుకును చదివించడానికి పడ్డ కష్టం తెలిసిన మనకు ఆ పేరంటే ప్రేమే. కానీ ఆ ఉత్తర్వు తండ్రి కోసం వచ్చిందా, రాముడి కోసం వచ్చిందా అన్న అనుమానం అప్పుడే చాలామందికి కలిగింది. ఆ గొడవలో ఒకటి ఎవరికీ పట్టలేదు: ఆయన తల్లి పేరు భీమాబాయి. అబ్బాయికి అయిదారేళ్లప్పుడే ఆమె పోయింది. భీమ అన్న ముక్క ఇద్దరి పేర్లలోనూ ఉంది. తండ్రి పేరు మీద ఉత్తర్వులొచ్చాయి, తల్లి పేరు ఎవరూ ఎత్తలేదు.

తల్లి పేరు లేకపోతే ఏమవుతుందో హైదరాబాద్ విశ్వవిద్యాలయం చూపించింది. వేముల రోహిత్ చక్రవర్తి 2016 జనవరి 17న చనిపోయాడు. వేముల తండ్రి ఇంటిపేరు. మాల కులంలో పుట్టిన రాధిక ఒంటరిగా పిల్లల్ని పెంచింది. చనిపోయాక ప్రభుత్వాలు వెతికింది మాత్రం తండ్రి కులాన్నే. తండ్రి వడ్డెర కాబట్టి కొడుకు దళితుడు కాడన్నారు. 2024 మేలో తెలంగాణ పోలీసుల ముగింపు నివేదిక కూడా అతను ఎస్సీ కాదనే అంది. నిరసన వచ్చాకే మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. నిజానికి 2012 జనవరిలోనే రమేశ్‌భాయ్ దభాయ్ నాయకా కేసులో సుప్రీంకోర్టు, బిడ్డకు తండ్రి కులమే వస్తుందన్నది తిరుగులేని నియమం కాదనీ, తల్లి దగ్గర ఆమె సమాజంలో పెరిగి ఆ వివక్షే అనుభవించానని బిడ్డ నిరూపించుకోవచ్చనీ చెప్పింది. 2022 జులైలో ఆంధ్ర నుంచి వెళ్లిన ఆకెళ్ల లలిత కేసులో, తండ్రి చనిపోయాక బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు సహజ సంరక్షకురాలైన తల్లికి ఉందంది. ఫ్రాన్సులోనైతే 2005 నుంచి పుట్టిన పిల్లలకు తల్లి వంశనామం పెట్టే వీలుంది.

కాబట్టి మా ఇంట్లో నేను పెట్టిన ప్రతిపాదన ఒకటే: నడిమి పేరుగా తల్లి పేరు. ఆమె ఇంటిపేరు వద్దు, అది మళ్లీ ఇంకో తండ్రిదే. ఆమెను పిలిచే పేరే కావాలి. జనన ధృవీకరణ పత్రంలో తల్లి పేరుకు ఎలాగూ ఒక గడి ఉందిగా అన్నారు. ఆ గడి పత్రంతోనే బీరువాలో ఉండిపోతుంది. నడిమి పేరు హాజరు పట్టీలోకీ డిగ్రీ పట్టాలోకీ వస్తుంది.

తొందర కూడా లేదు. పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి కానీ, పేరు రాయించడానికి ఏడాది దాకా రుసుము లేకుండా గడువుంది. 2023 అక్టోబర్ 1 నుంచి బడికీ ఓటుకూ పాస్‌పోర్టుకూ ఈ పత్రమే మూలం కాబట్టి అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. మన పాస్‌పోర్టులో మిడిల్ నేమ్‌కు వేరే గడి లేదు, అది మొదటి పేరుతోనే కలుస్తుంది. అందుకే పొడి అక్షరం వద్దు, పూర్తిగా రాయించండి. పొడి అక్షరం ఉంటే రేపు ఎవరో గుమాస్తా దాన్ని తండ్రి పేరనుకుని విడగొడతాడు.

మిగిలింది ఒక్క అభ్యంతరం, అది మా మేనకోడలిదే. తన పేరు పాతకాలపుదట, మోటుగా ఉంటుందట, పాప పేరు పక్కన నప్పదట. పోలేరమ్మ, ముత్యాలమ్మ, మరియమ్మ అన్న పేర్లు మోటని మనకు చెప్పిందెవరో ఆమెను అడిగాను. జవాబు రాలేదు. రెండు పేర్లూ కలిపి పైకి చదవమన్నాను. చదివింది. రెండక్షరాలు, తర్వాత నాలుగక్షరాలు. పలకడానికి ఏ ఇబ్బందీ లేదు.