వెదకవలసిన చోట వెదకుదము



గత వేసవి సెలవులకు మా అక్క కుమారుడు తాడిమర్రికి వచ్చాడు. ఒక సాయంత్రము సెల్‌ఫోను మా చేతికిచ్చి, "మామా, ఈ గదిలో కత్తి యాడుందో కనుక్కో చూద్దాం" అన్నాడు.

అది 'క్రిమినల్ కేస్' అను ఆట. ప్యారిస్‌లోని ప్రెట్టీ సింపుల్ అను సంస్థ 2012లో దీనిని తెచ్చింది. అందులో 'ట్రావెల్ ఇన్ టైమ్' అని ఒక భాగమున్నది. పరిశోధకులు పాత యుగములకు ప్రయాణము చేసి, హత్య చేసినవారిని పట్టుకుంటారు. సామానుతో నిండిన ఒక గది బొమ్మ కనిపిస్తుంది. వెదకవలసిన వస్తువుల పేర్లు కింద ఉంటాయి. ఎంత త్వరగా కనుగొంటే అన్ని ఎక్కువ మార్కులు.

పెద్దలకు ఈ ఊహ కొత్తది కాదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన 'ఆదిత్య 369' చిత్రములో కథానాయకుడు కాలయంత్రమెక్కి శ్రీకృష్ణదేవరాయల కాలమునకు వెళ్తాడు. అందులోనూ వజ్రపు దొంగతనమున్నది.

ఈ ఆటలో మంచి ఏమీ లేదని మేము అనము. చూపు నిలుపుట, ఓపికగా వెదకుట పిల్లలకు మంచిదే. అయితే ఒక మెలిక ఉన్నది. ఒక్కొక్క గదిని వెదకుటకు 20 పాళ్ల 'శక్తి' ఖర్చవుతుంది. నిండుగా ఉండేది 110. ఐదు గదులు వెదకేసరికి మరొక గదికి చాలినంత శక్తి మిగలదు. తరువాత అది నిండేదాకా కాచుకోవాలి, లేదా డబ్బు పెట్టి కొనాలి. కాచుకొనుట పిల్లలకే కాదు, మాకూ కష్టమైనది. సిగ్గు విడిచి చెప్పుచున్నాము: పిల్లవాడు ఊరికి వెళ్ళిన తరువాత కూడా మేము ఆడుచునే ఉంటిమి.

ఆ రోజులలోనే మా సంఘములోని ఒక అవ్వ మూడుసార్లు కబురు పంపింది. "అయ్యగారూ, గుడి స్థలము హద్దురాళ్ళు యాడ పాతిరో మీకు చెప్పాల. ఒకసారి రాండి" అని. "రేపు వస్తామవ్వా" అంటూ దాటవేసితిమి. ఆ రేపు రాలేదు. వేరుశనగ విత్తనము పడే దినములలో ఆమెను సమాధి చేసితిమి.

ఇప్పుడు ఆ స్థలము కొలవవలసి వచ్చింది. ఒకరు చింతచెట్టు దగ్గర అంటారు, ఇంకొకరు కాలువ గట్టు అంటారు. పక్క పొలము వారు మంచివారే, అయినా మాట మాట పెరుగుచున్నది. చూచిన మనిషి ఇక లేదు. ఆమె దగ్గరకు తిరిగి వెళ్ళుటకు ఏ యంత్రమూ లేదు.

పోయిన నాణెము కొరకు దీపము వెలిగించి వెదకిన స్త్రీ ఉపమానము మనమందరము ఎరిగినదే. ఆమె తన ఇంటిలోనే వెదకింది. మనకును పాతకాలము దగ్గరలోనే ఉన్నది. 1565లో తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగరపు రాజధాని పెనుకొండకు మారింది. ఆ కోట గోడలు, గగన మహలు నేటికీ నిలిచి ఉన్నాయి. పిల్లలను ఒక దినము తీసుకొని వెళ్ళండి. ఏ రాతి మీద ఏమి చెక్కియున్నదో వారినే వెదకనివ్వండి.

తల్లిదండ్రులారా, ఫోను లాగివేసినంత మాత్రాన పని కాదు. డబ్బు పంపే రహస్య సంఖ్యను పిల్లలకు చెప్పకండి. ఆటకు వేళ నియమించి, అప్పుడప్పుడు వారి పక్కన కూర్చొనండి. ఆ తరువాత ఒక నోటుపుస్తకమిచ్చి తాత దగ్గరకు పంపండి. పాత బావి ఎవరు త్రవ్వించిరి? కరువు సంవత్సరమున ఏమి తిని బ్రతికిరి? పొలము హద్దు ఎక్కడ? ఈ జవాబులు ఏ ఆటలోనూ దొరకవు.

మీ ఇంటిలో ఒక అవ్వ గాని తాత గాని "ఒకసారి రా నాయనా" అని పిలుచుచున్నారా? ఈ పత్రికను పక్కన పెట్టి ముందు వెళ్ళండి. మా మాటలు రేపైనా చదువుకొనవచ్చు.